అమ్మేసిన ఎలక్ట్రానిక్స్ షేరు మళ్లీ కొనాలా, డబ్బు డిపాజిట్‌లోనే ఉంచాలా: ఏది మేలు?

మారతహళ్లిలో ఆదివారాలు కలిసే మా తెలుగు మిత్రులు నెల రోజులుగా ఇదే అడుగుతున్నారు. "బెంగళూరు శివారులోని ఆ చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీ షేర్లను నిరుడు 410కి అమ్మారు కదా! ఇప్పుడు 290కే దొరుకుతోంది. అప్పు లేదు, చేతినిండా నగదు ఉంది. మళ్లీ కొంటారా?"

ముందుగా 410ని మరిచిపోవాలి. షేరు మళ్లీ అక్కడికి చేరుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు. నాకు ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే: ఆ నగదు ఎవరిది?

సంఖ్యలను గుండ్రంగా చెబుతాను. మార్కెట్ విలువ 600 కోట్లు, బ్యాంకులో 250 కోట్లు. వ్యాపారం 350 కోట్లకే వస్తోందని సంబరపడే ముందు వార్షిక నివేదికలో కంపెనీ ఇతరులకు తీర్చాల్సిన వాటి వైపు చూడండి. బ్యాంకు అప్పు లేకపోయినా అక్కడ బాకీలుంటాయి. కొనుగోలుదారులు ముందుగా ఇచ్చిన అడ్వాన్సులు 90 కోట్లున్నాయి. వాళ్ల సరుకు కోసం విడిభాగాలు కొనడానికి ఆ డబ్బు వెళ్లిపోతుంది, వాటాదారులకు మిగలదు. అంటే వ్యాపారం వెల 440 కోట్లు. డిపాజిట్లపై వచ్చే వడ్డీ తీసేస్తే పన్ను పోను లాభం 28 కోట్లు. 350 కోట్లతో చూస్తే లాభానికి పన్నెండున్నర రెట్లు అనుకున్న వెల, 440 కోట్లతో దాదాపు పదహారు రెట్లయింది. ఇప్పటికీ చౌకే, కారుచౌక మాత్రం కాదు.

ఇక, ఆ నగదు అసలు ఉందా? తెలుగువాళ్లం ఈ ప్రశ్నను ఎన్నటికీ వదలకూడదు. లెక్కల్లో చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు లేనే లేవని 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు లేఖ రాసి ఒప్పుకున్నారు. అందుకే నేను వడ్డీ చూస్తాను. 250 కోట్లు ఏడాదంతా డిపాజిట్లలో ఉంటే ఏడు శాతం చొప్పున పదిహేడు కోట్ల పైచిలుకు రావాలి. ఈ కంపెనీకి పదహారు వచ్చింది. మార్చి 31 నాటి నిల్వ ఏడాది పొడవునా ఉండదు కాబట్టి ఇది నమ్మదగిన లెక్కే. అయిదారు కోట్లే కనిపించి ఉంటే నివేదికను అక్కడే మూసేసేవాణ్ణి.

నిరుడు అమ్మడానికి కారణం వేరు. డివిడెండ్ నామమాత్రం, సొంత షేర్లను తిరిగి కొనే ఊసే లేదు. ఇప్పుడు అదే నగదుతో కొత్త ప్లాంటు కడుతున్నారు. నా మనసు మారింది అందుకే.

డిపాజిట్‌లో ఒక్కో బ్యాంకుకు 5 లక్షల వరకు బీమా ఉంటుంది. రెండేళ్లలో పిల్లల ఫీజులకు కావలసిన డబ్బైతే అక్కడినుంచి కదపకండి. పైగా షేరు కొత్తగా కొంటే గడువు మొదటినుంచి లెక్క. ఏడాదిలోపు అమ్మితే లాభంపై 20 శాతం పన్ను, ఆ తర్వాతైతే లక్షా పాతిక వేలు దాటిన లాభంపై 12.5 శాతం.

ఇదే రంగంలో జాలహళ్లిలోని భారత్ ఎలక్ట్రానిక్స్ ఉంది కదా అంటారు. 1954 నాటి ప్రభుత్వ సంస్థ, భద్రత ఎక్కువ. అయితే దాని ఖాతాల్లోనూ అడ్వాన్సులను విడదీసే చూడాలి. లెక్కలు చదివే తీరిక లేనివారికి, సూచీలోని కంపెనీలన్నిటినీ కలిపి కొనే ఇండెక్స్ ఫండ్ చాలు.

గత వారం, అమ్మగా వచ్చిన డబ్బులో మూడో వంతుతో కొన్నాను. ఆస్తి అప్పుల పట్టిక ఏడాదికి రెండుసార్లే వస్తుంది. సెప్టెంబరు ముగింపు లెక్కలు నవంబరులో వచ్చాక, అడ్వాన్సులు తీరినా నగదు నిలిచి ఉంటే మరో వంతు పెడతాను.