సాయంత్రం అయిదు తర్వాత చూసిన విశ్వవిద్యాలయాలు

ఎం.ఏ. చరిత్రలో చేరదలచిన మా అక్క కూతురిని వెంటబెట్టుకొని ఈ చలికాలంలో విశాఖపట్నం, హైదరాబాద్, తిరుపతి విశ్వవిద్యాలయాలను చూసి వచ్చాను. ఖర్చు తమకు అందుబాటులో ఉండాలన్నది మా అక్కాబావల షరతు. అమ్మాయి షరతు వేరు: "క్లాసు అయిపోగానే గదిలోకి వెళ్లి తలుపు వేసుకొనే చోట నేను రెండేళ్లు ఉండలేను పిన్నీ" అని ముందే చెప్పింది. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి అడ్డు వస్తాయని మా ఇంట్లో చాలామంది అనుకున్నారు. నాలుగు ప్రాంగణాలు తిరిగి చూశాక నా అభిప్రాయం వేరుగా ఏర్పడింది. స్నేహితులు కలుసుకొనే చోటు, నాటకం చూసే చోటు, టీ తాగే చోటు హాస్టల్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే సందడికి ప్రత్యేకంగా ఖర్చు ఉండదు. అవి బయట మాల్స్‌లోనో సినిమా హాళ్లలోనో వెతుక్కోవలసి వస్తే, ఫీజు ఎంత తక్కువైనా ఆ చదువు చవక చదువు కాదు. అందుకే ప్రతి ప్రాంగణాన్నీ పగలు ఒకసారి, సాయంత్రం అయిదు దాటాక మరొకసారి చూశాము.

రాజమహేంద్రవరం నుంచి విశాఖకు రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ అనుకూలమైన బండి; మధ్యాహ్నానికి దిగి, అదే సాయంత్రం ప్రాంగణం చూడవచ్చు. బస కోసం బీచ్ రోడ్డు హోటళ్ల జోలికి పోకుండా ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక సాధారణ లాడ్జిలో దిగాము. గది ఇరుకుగా ఉన్నా దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు ఉదయం పూట మాత్రమే ఇచ్చారు. అక్కడి నుంచి విశ్వవిద్యాలయం ఉన్న మద్దిలపాలెం వైపు సిటీ బస్సులు వెంటవెంటనే ఉంటాయి కనుక ఆటో అవసరమే రాలేదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై, తర్వాత కొద్ది సంవత్సరాలకే విశాఖలోని వాల్తేరుకు తరలివచ్చింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు తొలి ఉపకులపతి, ఆ తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ పదవిలో ఉన్నారు. ఈ చరిత్ర అంతా సౌత్ క్యాంపస్‌లోని పాత భవనాల మధ్య నడుస్తుంటే గోడలను చూసే తెలుస్తుంది. పగటి పూట మాకు నచ్చినది డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం, చరిత్ర విద్యార్థికి పాత తెలుగు పత్రికలు, జిల్లా మాన్యువళ్లు ఒకే కప్పు కింద దొరకడం చిన్న విషయం కాదు. సాయంత్రం మాత్రం ఇక్కడి జీవితం ప్రాంగణం లోపల కన్నా సముద్రం ఒడ్డున ఎక్కువగా కనిపించింది. వాల్తేరు దిబ్బ దిగితే రామకృష్ణా బీచ్. గుంపులు గుంపులుగా విద్యార్థులు నడిచి వచ్చి, మురీ మిక్చర్ పొట్లం కొనుక్కొని, చీకటి పడేదాకా గోడ మీద కూర్చుంటారు. ఇది పైసా అడగని వినోదం. ఏ ప్రైవేటు విశ్వవిద్యాలయమూ ఎంత ఫీజు తీసుకున్నా ఇటువంటి ఒడ్డును కట్టించి ఇవ్వలేదు. అయితే అమ్మాయిల హాస్టల్ గేటు ఏ వేళకు మూస్తారు, ఆలస్యమైతే ఎవరి అనుమతి కావాలి అన్న ప్రశ్నలు ఇక్కడే మొదటిసారి మాకు ముఖ్యమయ్యాయి. ఊరి సందడి ఊళ్లో ఉండి, అమ్మాయి గేటు లోపల ఉండిపోతే ఆ సందడి ఆమెది కాదు. రెండో సంవత్సరం అమ్మాయిలను అడిగితే దాచకుండా చెప్పారు: పగలు, సాయంత్రం బాగుంటుంది, రాత్రి జీవితం మాత్రం హాస్టల్ వరండాకే పరిమితం. వరండా కబుర్లను కూడా నేను తక్కువగా చూడను, మా తరం స్నేహాలు అక్కడే పుట్టాయి.

విశాఖ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ప్రయాణం చేస్తే ఒక రోజు లాడ్జి అద్దె మిగులుతుంది. హైదరాబాద్‌లో బసకు తార్నాక ఎంచుకోవడం ఈ యాత్ర మొత్తంలో మాకు బాగా కలిసివచ్చిన నిర్ణయం. ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనే ఉంటుంది. తార్నాక మెట్రో స్టేషన్‌లో ఎక్కితే బండి మారకుండా నేరుగా రాయదుర్గం వరకు వెళ్లవచ్చు, అక్కడి నుంచి గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి బస్సు గానీ ఆటో గానీ పట్టుకోవాలి. మేము దిగిన చోటు పేరు చెప్పను. గది అద్దె వెయ్యి రూపాయల లోపే అని ఫోనులో చెప్పి, వెళ్లాక ఇద్దరికీ విడివిడిగా లెక్క కట్టారు. ఫోనులో మాట్లాడేటప్పుడే మనుషుల సంఖ్య చెప్పి, మొత్తం ఎంతో వాట్సాప్‌లో రాయించుకోవడం మేలు.

ఉస్మానియా 1918లో స్థాపితమైంది, ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. ఆ గులాబి రంగు గ్రానైటు తోరణాల ఎదుట నిలబడితే చరిత్ర చదవాలన్న కోరిక లేనివారికి కూడా పుడుతుంది. సాయంత్రం ఆ మెట్ల మీద, ముందున్న పచ్చిక మీద కనిపించిన దృశ్యం మాత్రం విశాఖకు భిన్నం. ఒక వైపు నడకకు వచ్చిన ఊరివారు, మరొక వైపు గ్రూప్స్ పరీక్షల పుస్తకాలు ఒడిలో పెట్టుకొని చదువుకొనేవారు, వీరి మధ్య రాజకీయం గురించి గొంతెత్తి వాదించుకొనే గుంపులు. తెలంగాణ ఉద్యమానికి గుండెకాయగా నిలిచిన చోట వాదన సహజంగానే వేడిగా ఉంటుంది. ఇక్కడి సాంఘిక జీవితం అంటే ప్రధానంగా మాట, చర్చ, సభ. బతుకమ్మ వేళ పాట కూడా. విద్యానగర్, అడిక్‌మెట్ వైపు చవక మెస్‌లు ఉన్నాయి, మేము తిన్న చోట పప్పు, చారు, వేపుడు తృప్తిగా పెట్టారు. కానీ ఆంధ్ర విద్యార్థికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. విభజన చట్టం ప్రకారం పదేళ్లపాటు సాగిన ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయదలచిన ఆంధ్ర విద్యార్థులు ఆ ఏటి స్థానికత నిబంధనను అక్షరం అక్షరం చదివిన తర్వాతే ఆశ పెట్టుకోవాలి. అలాగే రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో రెగ్యులర్ సీటుకు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు ఫీజులో పెద్ద తేడా ఉంటుంది. సీనియర్ చెప్పిన అంకె ఏ సీటుదో అడిగి తెలుసుకోవాలి.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మేము అనుకున్నదాని కన్నా ఎక్కువసేపు ఉన్నాము. తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తర్వాత కేంద్రం ప్రకటించిన ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో ఏర్పడిన ఈ కేంద్రీయ విశ్వవిద్యాలయం మొదట అబిడ్స్‌లోని సరోజినీ నాయుడు గారి ఇంట్లో, గోల్డెన్ థ్రెషోల్డ్‌లో నడిచింది. ఇప్పటి ప్రాంగణం బండరాళ్లు, చెరువులు, నెమళ్లు, జింకలతో ఒక చిన్న అడవి. 2025లో ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలి భూమిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ పోరాటంలో ఇక్కడి విద్యార్థులు ముందు నిలిచారు, ఆ సంగతి చెప్పేటప్పుడు వారి గొంతులో గర్వం వినిపించింది, అది న్యాయమైన గర్వమే. మా ఊరి పరిశోధక విద్యార్థిని ఒకరు అతిథులుగా పేర్లు రాయించి మమ్మల్ని లోపలికి తీసుకువెళ్లారు. ఎవరూ తెలియకుండా వెళితే గేటు దగ్గర ఆధార్ కార్డు చూపి, కారణం చెప్పవలసి ఉంటుంది.

సాయంత్రం షాప్‌కామ్ అనే దుకాణాల సముదాయం దగ్గర, గోప్స్ క్యాంటీన్ దగ్గర కూర్చుంటే అమ్మాయి వెతుకుతున్నది ఆమె కళ్ల ఎదుటే ఉంది. ఒక బల్ల దగ్గర మలయాళం, పక్క బల్ల దగ్గర ఒడియా, ఎదురుగా మన యాసలు. టీ గ్లాసు ఖాళీ అయి అరగంట గడిచినా లేవమనేవారు లేరు. వెనుక నుంచి డప్పు సాధన వినిపిస్తోంది. రంగస్థల విద్యార్థులు ఇక్కడ నాటకాలు వేస్తారు, సుకూన్ అనే ఉత్సవం జరుగుతుంది, బోల్ హైదరాబాద్ 90.4 ఎఫ్.ఎం. అనే కమ్యూనిటీ రేడియో ప్రాంగణంలోనే నడుస్తుంది. విద్యార్థి సంఘం ఎన్నికలు కూడా జరుగుతాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో అవి దశాబ్దాల క్రితమే ఆగిపోయాయి. రాత్రి భోజనాల తర్వాత కూడా అమ్మాయిలు సైకిళ్ల మీద గ్రంథాలయానికి వెళ్లడం చూసి "పిన్నీ, నాకు ఇది కావాలి" అని మా అమ్మాయి నా చెయ్యి పట్టుకొంది. నాకూ అదే అనిపించింది.

ఇబ్బందులు లేకపోలేదు. ప్రాంగణం ఎంత పెద్దదంటే సైకిలు లేకపోతే కాళ్లు అరుగుతాయి కనుక సెకండ్ హ్యాండ్ సైకిలు ఖర్చు మొదటి నెల లెక్కలోనే వేసుకోవాలి. హాస్టల్ గది చేరిన రోజే దొరుకుతుందన్న భరోసా ఉండదు. దొరికేదాకా గచ్చిబౌలిలో పేయింగ్ గెస్ట్‌గా ఉండవలసి వస్తే ఆ చుట్టుపక్కల ఐటీ ఉద్యోగుల అద్దెలు విద్యార్థిని కూడా తాకుతాయి. మెస్ బిల్లు నెల ఖర్చును తిన్నవారందరికీ పంచి వేసే పద్ధతిలో వస్తుంది, అందుచేత పోయిన నెలల బిల్లులు రెండు మూడు అడిగి చూడడం మంచిది. ఇంకొక చిన్న సంగతి: తెలంగాణ ఆర్టీసీలో మహిళలకు ఉచిత ప్రయాణం ఆ రాష్ట్ర వాసులకే వర్తిస్తుంది, రాజమహేంద్రవరం చిరునామా ఉన్న ఆధార్‌తో టికెట్టు కొనక తప్పదు. విశాఖలో చదివితే ఆంధ్రప్రదేశ్ స్త్రీశక్తి పథకం కింద ఆ ఖర్చు ఉండదు. నెలకు కొన్ని వందలే కావచ్చు గానీ మా బావ లెక్కల పుస్తకంలో అదీ ఒక వరుసే.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం చూసినవారు తిరుపతికి వెళ్లాలంటే నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ ఆ దగ్గరలోని లింగంపల్లిలోనే బయలుదేరుతుంది. తిరుపతిలో బస సులువు. రైల్వే స్టేషన్ ఎదుట విష్ణు నివాసం, బస్టాండ్ ఎదుట శ్రీనివాసం ఉన్నాయి, దేవస్థానం గదుల అద్దె సామాన్యులకు అందుబాటులో ఉంటుంది. 1954లో నెలకొన్న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కొండల కింద ప్రశాంతంగా, చెట్ల నీడలో ఉంది. చదువుకు ఎంత అనువుగా ఉందో సందడికి అంత దూరంగా అనిపించింది. ఇక్కడ చేరే రాయలసీమ పిల్లలకు ఊరు, భాష, తిండి అన్నీ తమవే. మా అమ్మాయికి మాత్రం ఆ నిశ్శబ్దం నచ్చలేదు.

చివరకు హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదటి ఎంపికగా, ఆంధ్ర విశ్వవిద్యాలయం రెండో ఎంపికగా నిర్ణయించుకున్నాము. మొదటిదానికి దేశవ్యాప్త ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ, రెండోదానికి ఆంధ్రప్రదేశ్ పీజీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్ రాయాలి. సీయూఈటీ పీజీ దరఖాస్తులు డిగ్రీ ఆఖరి సెమిస్టరు మొదలయ్యే చలికాలంలోనే వస్తాయి, వేసవిలో చూద్దాములే అనుకొనే ఇళ్లకు ఈ సంగతి తెలియాలి. ప్రాంగణాలు చూడడానికి వెళ్లేవారు సంక్రాంతి సెలవులు, సెమిస్టరు పరీక్షల వారాలు తప్పించి, సోమవారం నుంచి గురువారం లోపల వెళ్లండి. శుక్రవారం సాయంత్రానికి దగ్గరి ఊళ్ల విద్యార్థులు ఇళ్లకు బయలుదేరుతారు కనుక అప్పుడు చూసిన ఖాళీ బల్లలను బట్టి ఏ విశ్వవిద్యాలయాన్నీ అంచనా వేయలేరు.