హైదరాబాద్ నుంచి కన్యాకుమారికి చారిటీ రైడ్: డబ్బు లెక్క, దారి లెక్క

తలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధితో బాధపడే పిల్లల చికిత్సకు నిధులు సేకరించేందుకు హైదరాబాద్‌కు చెందిన ఒక రైడింగ్ క్లబ్ ఏటా జనవరి చివర్లో కన్యాకుమారి దాకా మోటారుసైకిల్ యాత్ర నిర్వహిస్తోంది. ఈసారి అందులో నేను కూడా పాల్గొన్నాను. ఇటువంటి రైడ్‌లు ఇప్పుడు చాలా ఊళ్లలో జరుగుతున్నందువల్ల, వాటిలో దేనిలో చేరాలనుకునే వారికైనా ఉపయోగపడాలన్న ఉద్దేశంతో క్లబ్ పేరు ప్రస్తావించకుండా, అది అందించిన సేవ గురించి మాత్రమే రాస్తున్నాను. మంచి పని కోసం అనగానే లెక్కలు అడగడానికి మనకు మొహమాటం అడ్డొస్తుంది. కానీ రుసుము కట్టి చేరుతున్నప్పుడు, పైగా మన మాట మీద బంధుమిత్రులు కూడా విరాళాలు ఇస్తున్నప్పుడు, ప్రతి రూపాయి ఎక్కడికి వెళుతోందో తెలుసుకోవడం మన బాధ్యత. చారిటీ రైడ్ బాగోగులను నేను మొదట ఆ కొలతతోనే చూస్తాను. రహదారి మీద నిర్వహణ ఎలా ఉందన్నది ఆ తర్వాతి ప్రశ్న.

డబ్బు విషయంలో ఈ క్లబ్‌ను నిస్సంకోచంగా మెచ్చుకోవచ్చు. రైడ్ రుసుము 16,500 రూపాయలు, కనీస విరాళం 10,000 రూపాయలు. ఈ రెండింటినీ వేర్వేరుగా కట్టించుకున్నారు. రుసుము క్లబ్ ఖాతాకు, విరాళం నేరుగా చికిత్స నడిపే ట్రస్టు ఖాతాకు వెళ్లాయి. బస, ఉదయం టిఫిన్, రాత్రి భోజనం, సామాను మోసే వ్యాను, మెకానిక్, ప్రమాద బీమా, తిరుగు ప్రయాణంలో బండ్లను తెచ్చే లారీ అంటూ రుసుములోని ఖర్చును పద్దులవారీగా రాసిన కాగితం నమోదు రోజునే చేతికిచ్చారు. పెట్రోలు ఎవరిది వారే పోయించుకోవాలి. చాలాచోట్ల ఈ రెండు సొమ్ములనూ ఒకే మొత్తంగా వసూలు చేసి, ఖర్చులు పోను మిగిలింది విరాళంగా ఇస్తామని చెబుతారు. మిగిలేది ఎంతో ముందుగా ఎవరికీ తెలియదు కాబట్టి, హోటల్ గదుల స్థాయి పెరిగిన కొద్దీ పిల్లలకు చేరేది తగ్గిపోతుంది. అలాంటి రైడ్‌లో చేరే ముందు కనీసం ఈ ఒక్క ప్రశ్నయినా అడగాలి.

పన్ను మినహాయింపు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 80జీ సెక్షన్‌గా ఉన్న నిబంధన కింద మినహాయింపు వర్తించేది విరాళానికే తప్ప మనం తిని, పడుకుని, బండి బాగు చేయించుకున్న రుసుముకు కాదు. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి ఆ మినహాయింపు ఉండదు. పాత పన్ను విధానంలో ఉన్నవారికే ఇది ఉపయోగపడుతుంది. రసీదుతోపాటు ట్రస్టు ఇచ్చే విరాళ ధ్రువపత్రం (ఆ చట్టం కింద ఫారం 10బీఈ) కూడా తీసుకోవాలి. ఈ సంగతులన్నీ నిర్వాహకులు నమోదుకు ముందే స్పష్టంగా వివరించారు.

బయలుదేరే ముందు వారం, పాల్గొనేవారిని చిన్న బృందాలుగా చికిత్సా కేంద్రానికి తీసుకువెళ్లారు. ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది. తలసీమియా మేజర్ ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, జీవితాంతం రక్తం ఎక్కించాలి. అలా ఎక్కించిన రక్తం వల్ల గుండెలో, కాలేయంలో ఇనుము పేరుకుపోతుంది కాబట్టి దాన్ని తొలగించే మందు రోజూ వాడాలి. నేను చూసిన పాపకు ఎనిమిదేళ్లుంటాయేమో. రక్తం సంచి నుంచి వచ్చే గొట్టానికి మధ్యలో బిగించిన చిన్న తెల్లని ఫిల్టర్‌ను చూపిస్తూ, అది తెల్ల రక్తకణాలను ఆపేస్తుందని, అది లేకుండా ఎక్కిస్తే తనకు చలిజ్వరం వస్తుందని ఒక నర్సు చెప్పినంత తేటగా చెప్పింది. మేం సేకరించే డబ్బు ముఖ్యంగా ఆ ఫిల్టర్లకు, ఇనుమును తొలగించే మందులకు ఖర్చవుతుంది. అది చూశాక బంధువులను విరాళం అడగడానికి నాకు మాటలు వెతుక్కోవలసిన అవసరం రాలేదు.

ఇక బండ్ల తనిఖీ. ఆర్‌సీ, లైసెన్సు, బీమా, కాలుష్య ధ్రువపత్రం చూడటం అందరూ చేసేదే. ఐఎస్‌ఐ ముద్ర లేని హెల్మెట్‌ను మాత్రం ఇక్కడ లోపలికి రానివ్వలేదు. మెకానిక్ ప్రతి బండి చైనునూ వేలితో పైకి కిందికి ఆడించి వదులు చూశాడు, చక్రాన్ని తిప్పి మరోచోట మళ్లీ చూశాడు. చైను ఒకచోట బిగువుగా, ఇంకోచోట వదులుగా ఉంటే అది అరిగిపోయినట్టే లెక్క. తర్వాత టైరు పక్కగోడ మీద ఉండే నాలుగంకెల గుర్తును టార్చి వేసి చదివాడు. మొదటి రెండంకెలు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని సూచిస్తాయి; 2217 అని ఉంటే 2017లో 22వ వారంలో తయారైందని అర్థం. గాట్లు చక్కగానే ఉన్నా రబ్బరు గట్టిపడి పగుళ్లు తేలిన టైరుతో వచ్చిన ఒకరిని, మార్చుకుని వస్తేనే తీసుకువెళ్తామని చెప్పి వెనక్కి పంపారు. ఆయనకు కోపం వచ్చింది, కానీ మర్నాటికి కొత్త టైరుతో వచ్చారు. డబ్బు కట్టిన మనిషికి ఆ మాట చెప్పగలిగిన నిర్వాహకులను నమ్మవచ్చు.

రహదారి మీద మేం నలభై మందికి పైగా ఉన్నాం. అంతమందినీ ఒకే గుంపుగా నడపకుండా, ఎనిమిదేసి బండ్ల జట్లుగా విడదీసి, ప్రతి జట్టుకూ ముందు ఒక నాయకుణ్ని, చివర ఒక అనుభవజ్ఞుణ్ని పెట్టారు. నాలుగు వరుసల రహదారిపై మోటారుసైకిల్‌కు చట్టం అనుమతించే గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. జట్టు ఆ వేగాన్ని దాటలేదు. బండ్లు ఒకదాని వెనక ఒకటి నేరుగా కాకుండా ఎడమ, కుడి మార్చి మార్చి నడవాలి. మన వరుసలో సరిగ్గా ముందున్న బండికి రెండు సెకన్ల దూరం ఉండాలి. ఆ వేగంలో రెండు సెకన్లంటే దాదాపు 44 మీటర్లు. ఆ ఎడం చూసి కార్లు మధ్యలోకి దూరుతూనే ఉంటాయి. వాటికి దారిచ్చి, మళ్లీ ఎడం తీసుకోవడమే మా పని అని మొదటి రోజే నేర్పారు. దారి చీలే ప్రతిచోటా నాయకుడి వెనకున్న వ్యక్తి నారింజ రంగు కోటుతో పక్కన నిలబడి, చివరి బండి వచ్చేదాకా దారి చూపి, తర్వాత తానూ కలుస్తాడు. ఎవరూ తప్పిపోకుండా, ఎవరినో అందుకోవాలని ఎవరూ తొందరపడకుండా ఉండటానికి ఇంతకంటే మంచి పద్ధతి నేనెక్కడా చూడలేదు. పెట్రోలుకు కూడా చిన్న ట్యాంకు ఉన్న బండిని బట్టే ఆగేవాళ్లం.

మొదటి రోజు అనంతపురం దాకా, సుమారు 360 కిలోమీటర్లు. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు కాబట్టి ఆరాంఘర్, శంషాబాద్ మీదుగా తెల్లవారకముందే ఊరు దాటించారు. షాద్‌నగర్, జడ్చర్ల, బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు ముంగిట తుంగభద్ర, అన్నీ అనుకున్న వేళకే గడిచాయి. డోన్ దాటాక టీ కోసం ఆగినప్పుడు, బండ్ల మీది జెండాలు చూసి ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి, "యాడికి పోతాండారు నాయనా ఇంతమంది?" అని అడిగాడు. మా నాయకుడు, "కన్యాకుమారికి తాతా, నెలనెలా రక్తం ఎక్కించుకోవలసిన పిల్లల కోసం డబ్బు పోగు చేస్తున్నాం" అన్నాడు. ఆయన కాసేపు ఊరకుండి, "మా తమ్ముని మనవడు గూడా అందుకే కర్నూలు పెద్దాసుపత్రికి పోతాండాడు. పెండ్లికి ముందరే ఏందో పరీక్ష ఉందంట గదా, మాకు ఎవురూ చెప్పకపాయిరి" అన్నాడు. ఆ పరీక్ష హెచ్‌బీఏ2; తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువును మోసే వాహకులెవరో తెలిపే రక్తపరీక్ష. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలు ఎక్కువగా ఉన్నచోట ఇద్దరూ వాహకులయ్యే అవకాశం ఇంకా పెరుగుతుంది. ఆ సాయంత్రం అనంతపురంలోని ఒక కళాశాలలో ఈ పరీక్ష గురించి విద్యార్థులకు చెప్పే సభ ఏర్పాటు చేశారు. ఆలోచన ఎంతో గొప్పది. అయితే సన్మానాలకూ శాలువాలకూ గంట పట్టింది, వైద్యురాలికి మిగిలింది పావుగంట. ఆ పిల్లలు వినవలసింది ఆమె మాటలే.

నా అసలు ఫిర్యాదు రెండో రోజు ప్రణాళిక మీద. అనంతపురం నుంచి సేలం దాకా 400 కిలోమీటర్లు దాటుతుంది, మధ్యలో బెంగళూరు ఉంది. కాగితం మీద ఇది మొదటి రోజు కంటే కొంచెమే ఎక్కువగా కనిపిస్తుంది. దేవనహళ్లి నుంచి హోసూరు దాటేదాకా పట్టే సమయాన్ని మాత్రం కిలోమీటర్లతో కొలవడం కుదరదు. ఊరి బయట నుంచి చుట్టి వెళ్లే, బైకులకు కూడా టోలు ఉండే నైస్ రోడ్డు పట్టుకున్నా, అక్కడిదాకా చేరుకోవడానికే పొద్దెక్కిపోయింది. దాంతో కృష్ణగిరి, ధర్మపురి దాటి తొప్పూరు ఘాట్ చేరేసరికి చీకటి పడుతోంది. తరచూ ఘోర ప్రమాదాలు జరిగే దిగుడు దారి అది. పై నుంచి బరువుతో వచ్చే లారీల బ్రేకులు వేడెక్కి పట్టు తప్పడం అక్కడ కొత్త కాదు. రోజంతా బండి నడిపి అలసిన మనుషులను మసకచీకట్లో ఆ లారీల మధ్య దించడం ఏ విధంగానూ సరికాదు. మా జట్టు నాయకుడు పైనే అందరినీ ఆపి, నీళ్లు తాగించి, గేరు తగ్గించి ఇంజిన్ బిగువు మీదే దిగమని, ఏ లారీకీ ముందు నిలకడగా ఉండవద్దని ఒక్కొక్కరికీ విడిగా చెప్పాడు. ఆయన జాగ్రత్త వల్ల క్షేమంగా దిగాం. అయినా ఒక మనిషి నేర్పు మీద ఆధారపడే పరిస్థితిని ప్రణాళికలోనే లేకుండా చేయాలి.

మూడో రోజు మధురై దాకా తేలికైన ప్రయాణం. అక్కడ రక్తదాన శిబిరం జరిగింది, కానీ రైడర్లలో ఎవరి రక్తమూ తీసుకోలేదు. కొందరు నొచ్చుకున్నారు. నా దృష్టిలో ఈ మొత్తం యాత్రలో అత్యంత వివేకమైన నిర్ణయం అదే. రక్తమిచ్చి మర్నాడు పొద్దున్నే ఎండలో, గాలిలో వందల కిలోమీటర్లు బండి నడపడం ప్రమాదకరం. తల తిరిగితే పడేది ఒక్కరు కాదు, వెనక వచ్చేవాళ్లు కూడా. శిబిరంలో స్థానికులే రక్తమిచ్చారు. మా పేర్లు రాసుకుని, హైదరాబాద్ చేరాక తేదీలు విడగొట్టి పిలిచారు. రక్తం ఒకసారి ఇస్తే మళ్లీ ఇవ్వడానికి మగవారికి 90 రోజులు, ఆడవారికి 120 రోజుల విరామం ఉండాలి. అందరూ ఒకేరోజు ఇచ్చేస్తే తర్వాతి వారాల్లో వచ్చే పిల్లలకు ఏమీ మిగలదు కాబట్టి ఈ పద్ధతి రక్తనిధికి కూడా మేలైనది.

బసలు శుభ్రంగా ఉన్నాయి, గదికి ఇద్దరు. భోజనం సాదాగా, కారం తక్కువగా, వేళకు అందింది. ఒంటరిగా వచ్చిన మహిళలకు విడి గదులు, జట్లలో ఇద్దరు మహిళా నాయకులు ఉండటం వల్ల కొత్తవారు ధైర్యంగా చేరగలిగారు.

చివరి రోజు తిరునెల్వేలి దాటాక గాలిమరలు కనిపించిన దగ్గర నుంచి అడ్డగాలి మొదలవుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో అది బండిని పక్కకు నెట్టేంత బలంగా ఉంటుంది; జనవరిలో రైడ్ పెట్టుకోవడానికి అదొక మంచి కారణం. కన్యాకుమారిలో ఆర్భాటం లేకుండా, ట్రస్టుకు చేరిన మొత్తాన్ని దాతల సంఖ్యతో సహా చదివి వినిపించారు. మా చేతుల్లోని రసీదులతో ఎవరికి వారు సరిచూసుకునే వీలు కల్పించారు.

తిరుగు ప్రయాణంలో మేం రైలెక్కాం, బండ్లు లారీలో వచ్చాయి. నా బండి క్లచ్ లీవరు వంగి, ఎడమ అద్దం పగిలి వచ్చింది. ఎక్కించేటప్పుడు బండి ఎలా ఉందో ఫొటోలతో నమోదు చేసే పద్ధతి లేకపోవడం వల్ల, రవాణాదారుకూ నిర్వాహకులకూ మధ్య మాటలు నడిచి, పరిహారం రావడానికి చాలా రోజులు పట్టింది. విరాళం లెక్కలో చూపిన శ్రద్ధలో కొంతయినా ఇక్కడ చూపించి ఉండాల్సింది. మీరు వెళితే లారీ ఎక్కించే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి, డ్రైవరు సంతకం తీసుకోండి.

రోజుకు 300 కిలోమీటర్లు హాయిగా నడపగలిగి, జట్టు క్రమశిక్షణకు ఒప్పుకునే వారందరికీ నేను ఈ రైడ్‌ను సిఫారసు చేస్తాను. కొత్తగా లైసెన్సు తీసుకున్నవారు ముందుగా కర్నూలు దాకా వెళ్లి వచ్చి, తమ ఒళ్లు ఎంత ఓర్చుకుంటుందో చూసుకోవడం మంచిది. రెండో రోజు బసను సేలం నుంచి కృష్ణగిరికి మార్చమని నేనూ, మరికొందరూ రాతపూర్వకంగా కోరాం. అలా మారిస్తే ఆ రోజు ప్రయాణం దాదాపు వంద కిలోమీటర్లు తగ్గుతుంది, తొప్పూరు ఘాట్ మర్నాటి ఉదయపు వెలుగులో వస్తుంది, మూడో రోజు తీరికలోంచి ఆ దూరం సులువుగా పూడిపోతుంది. వచ్చే ఏడాది ప్రణాళికలో ఈ మార్పును పరిశీలిస్తామని నిర్వాహకులు జవాబిచ్చారు. నమోదు చేసుకోబోయేవారు డబ్బు కట్టే ముందు రెండో రోజు బస ఎక్కడో అడిగి తెలుసుకోవాలి.