పౌర సమాజ సంస్థలకు ఈయూ గ్రాంటు: నియమాలు స్పష్టం, సొమ్ము నడకే కష్టం

వర్ధమాన దేశాల పౌర సమాజ సంస్థలకు ప్రభుత్వ దాతలు ఇచ్చే గ్రాంట్లలో యూరోపియన్ యూనియన్‌ గ్రాంటు నియమాలు స్పష్టంగా ఉంటాయి. సాధారణంగా రెండు దశలు: ముందు కాన్సెప్ట్ నోట్ (ప్రాజెక్టు ఆలోచనను క్లుప్తంగా చెప్పే పత్రం), అది నెగ్గితేనే పూర్తి దరఖాస్తు. గడువు దాటితే తీసుకోరు.

అసలు చిక్కు డబ్బు దగ్గరే. పరోక్ష ఖర్చులకు, అంటే సంస్థను నడిపే సాధారణ ఖర్చులకు, ఇచ్చేది ప్రాజెక్టుకే నేరుగా అయ్యే అర్హమైన ప్రత్యక్ష ఖర్చుల్లో 7 శాతం మించదు. ఆఫీసు అద్దె, కరెంటు బిల్లు, పరిపాలన సిబ్బంది జీతాలు అంతలో ఇమడటం కష్టం. అందుకే ప్రాజెక్టు కోసం పనిచేసే అకౌంటెంట్ జీతాన్ని మొదటి బడ్జెట్‌లోనే ప్రత్యక్ష ఖర్చుగా చూపాలి, టైమ్‌షీట్లు (పని గంటల లెక్కలు) నెలనెలా రాయించాలి. ఏడాది చివర కూర్చుని రాస్తే తనిఖీలో ఆ ఖర్చు కొట్టేయొచ్చు. చాలా గ్రాంట్లకు ప్రాజెక్టు ఖర్చులో కొంత సంస్థే సమకూర్చే సొంత వాటా కూడా కావాలి. చిన్న సంస్థలు ఇక్కడే ఆగిపోతాయి, ఇది అన్యాయం. చివరి విడత తుది నివేదిక ఆమోదం పొందాకే వస్తుంది కాబట్టి అప్పటిదాకా జీతాలకు నిల్వ ఉండాలి.

బడ్జెట్ పద్దుల మధ్య 25 శాతం లోపు మార్పులకు ఒప్పంద సవరణ అక్కర్లేకపోవడం నిజంగా మేలు.

స్థానిక పౌర సమాజానికి నేరుగా, సరళంగా నిధులు పెంచాలని ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి ఓఈసీడీకి చెందిన అభివృద్ధి సహాయ కమిటీ 2021లోనే సిఫారసు చేసింది. ఆ 7 శాతం పరిమితిని ముందుగా సడలించాలి.