డర్సోనా, హెర్బీనా, బీన్ యానిమలా? చేపల ట్యాంక్ నుంచి సంప్‌లోకి నీళ్లు దించడానికి ఏది మేలు?

నాలుగడుగుల చేపల ట్యాంక్‌కి సంప్ (నీళ్లు వడపోయడానికి కింద పెట్టే రెండో తొట్టి) పెట్టుకోవాలనుకునే వాళ్లందరూ తిరిగి తిరిగి అడిగే ప్రశ్న ఒక్కటే: "డ్రెయిన్‌కి ఒక పైపు చాలదా అండీ, మూడెందుకు?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే ఇక్కడ రాసేస్తున్నాను. సంప్‌లోకి దిగిన నీళ్లని రిటర్న్ పంపు తిరిగి ట్యాంక్‌లోకి తోడుతుంది, అంతవరకూ మీకు తెలుసనే అనుకుంటున్నాను. డర్సో, హెర్బీ, బీన్ యానిమల్ అనేవి ఆ నీళ్లు కిందికి దించే పైపుల అమరికల పేర్లు.

డర్సోలో ఒకటే పైపు. పైన టీ (T ఆకారం ఫిటింగ్), టీ మీద క్యాప్, క్యాప్‌కి చిన్న రంధ్రం. నీళ్లూ గాలీ కలిసి దిగుతాయి. వాల్వ్ ఉండదు కాబట్టి తిప్పుకుంటూ కూర్చునే పనీ ఉండదు. ఇంచి పైపైతే గంటకు సుమారు 2,000 లీటర్ల దాకా దించుతుంది. అంతకు మించి తోస్తే, బొండంలో చివరి చుక్కల్ని స్ట్రాతో పీల్చినట్టు గురగుర మొదలవుతుంది. ట్యాంక్ హాల్లో ఉంటే రాత్రిపూట ఆ చప్పుడు భరించడం కష్టమే.

హెర్బీలో రెండు పైపులు. మొదటిది, అంటే మెయిన్ పైపు, గాలి లేకుండా పూర్తి సైఫన్‌గా (పైపు నిండా నీళ్లే దిగుతూ) నడుస్తుంది కాబట్టి చప్పుడు దాదాపు ఉండదు. అదే ఇంచి పైపు మూడడుగుల కిందికి దిగితే 3,000 లీటర్ల పైనే లాగేస్తుంది. అంత ధార మనకి అక్కర్లేదు, అందుకే దాన్ని గేట్ వాల్వ్‌తో బిగించి పంపు ధారకి సమానం చేస్తాం. రెండోది ఎమర్జెన్సీ పైపు, కాస్త ఎత్తులో పొడిగా ఉంటుంది. మొదటిది మూసుకుపోయిన రోజే దానికి పని.

బీన్ యానిమల్ అంటే ఈ రెండు పైపుల మధ్య మూడోది చేరడం. ఈ మధ్య పైపు డర్సోలాగా కొద్దిపాటి నీళ్లు దించుతుంటుంది. దాని క్యాప్ నుంచి సన్నని గాలి గొట్టం ఒకటి వస్తుంది, ఆ గొట్టం మూతిని మామూలు నీటిమట్టానికి కొంచెం పైన పెడతారు. నీళ్లు పెరిగి ఆ మూతి మునిగిందంటే గాలి ఆగిపోయి, ఆ పైపు కూడా సైఫన్ అయిపోతుంది. మట్టం దిగగానే మళ్లీ మామూలే. మనం చెయ్యి పెట్టక్కర్లేదు.

ఎక్కువమంది చప్పుడు చూసి ఎంచుకుంటున్నారు. నేను చూసేది వేరు: మీరు ఊళ్లో లేని రోజు పైపులో నత్తో, ఆకో, చచ్చిన చేపో అడ్డం పడితే ఏమవుతుంది? పంపుకి ఆ సంగతి తెలియదు. రిటర్న్ గదిలో (సంప్‌లో పంపు ఉండే అరలో) ఉన్న నీళ్లన్నీ పైకి తోడుతూనే ఉంటుంది. 4×2 అడుగుల ట్యాంక్‌లో మట్టం ఒక సెంటీమీటర్ పెరగాలంటే దాదాపు ఏడున్నర లీటర్లు కావాలి. మీ రిటర్న్ గదిలో 30 లీటర్లుంటే మట్టం నాలుగు సెంటీమీటర్లు పెరుగుతుంది. పైన ఐదు సెంటీమీటర్లు ఖాళీ వదిలారా, ఒక్క డర్సో ఉన్నా నేల తడవదు. రెండు సెంటీమీటర్లే వదిలారా, సగం నీళ్లు హాల్లోకి వచ్చేస్తాయి. పంపు కొనే ముందు ఈ లెక్క వేయండి.

ఆవిరైన నీళ్ల కోసం ఓవర్‌హెడ్ ట్యాంక్ లైన్ నుంచి సంప్‌లోకి ఫ్లోట్ వాల్వ్ పెట్టుకున్నవాళ్లకి మాత్రం ఈ లెక్క పనికిరాదు. రిటర్న్ గదిలో నీళ్లు తగ్గేకొద్దీ ఫ్లోట్ తెరుచుకుని కొత్తనీళ్లు వస్తూనే ఉంటాయి, పంపు తోడుతూనే ఉంటుంది. మీది అలాంటి ఏర్పాటైతే ఒంటి డర్సో గురించి ఆలోచించనే వద్దు.

ఇక కరెంటు. పోయినప్పుడు సైఫన్ తెగుతుంది, వచ్చినప్పుడు మళ్లీ అందుకోవాలి, అదీ రోజుకి ఎన్నిసార్లో చెప్పలేం. డర్సోకి ఈ బెడద లేదు. హెర్బీ, బీన్ యానిమల్ రెండింట్లోనూ మెయిన్ పైపు కొస సంప్ నీళ్లలో ఒక ఇంచి మాత్రమే మునగాలి. ఎక్కువ ముంచితే పైపులోని గాలి బయటికి పోలేక సైఫన్ అందుకోదు, నీళ్లన్నీ ఎమర్జెన్సీ పైపులోంచే పోతుంటాయి. ఎమర్జెన్సీ పైపు కొస నీటికి పైనే ఉంచండి. అందులో నీళ్లు పడ్డ చప్పుడే మీకు అలారం. దానికి వాల్వ్ పెట్టకండి, సన్న జాలీ కూడా వద్దు.

నా ఓటు బీన్ యానిమల్‌కే. హెర్బీ నిశ్శబ్దంగా ఉంటుంది, నిజమే. కానీ పంపులో పాచి పట్టి ధార తగ్గినప్పుడల్లా వాల్వ్ మళ్లీ సరిచేయాలి. ఇంట్లో అమ్మకో తమ్ముడికో ఆ పని అప్పగించి ఊరెళ్లలేం కదా! బీన్‌లో ఆ తేడాని మధ్య పైపే సర్దుకుంటుంది. కొత్త ట్యాంక్ చేయించేటప్పుడే చెబితే అదనంగా అయ్యేది ఇంకో హోల్, ఇంకో ట్యాంక్ నిపుల్ (హోల్‌లో బిగించి పైపు తగిలించే ఫిటింగ్), అంతే. ముందు నిపుల్ కొని, దాని కొలతకే హోల్ వేయించండి. టఫెన్డ్ గ్లాస్‌కి మాత్రం హోల్ వేయలేరు, పగిలిపోతుంది.

ఇప్పటికే రెండు హోల్స్‌తో, ఒకటి డ్రెయిన్‌కి, ఒకటి రిటర్న్‌కి, ట్యాంక్ ఉన్నవాళ్లు దాన్ని పక్కన పడేయక్కర్లేదు. రిటర్న్ పైపుని పై అంచు మీదుగా తెచ్చి, ఖాళీ అయిన హోల్‌ని ఎమర్జెన్సీకి ఇచ్చేస్తే అదే హెర్బీ. దానితో హాయిగా బతకొచ్చు.

హోల్ లేకుండా అంచు మీద తగిలించే ఓవర్‌ఫ్లో బాక్సులు, యూ పైపు ఏర్పాట్లు: గాలి బుడగలు పేరుకుంటే సైఫన్ తెగుతుంది, పంపు ఆగదు. అద్దె ఇల్లు, పాత ట్యాంక్, వేరే దారి లేదు అంటే తప్ప వద్దు.

షాపులో రెండు జాగ్రత్తలు. 32 ఎంఎం వ్యవసాయ పీవీసీ, ఇంచి యూపీవీసీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ యూపీవీసీ బయటి కొలత 33.4 ఎంఎం. ఒకదాని ఫిటింగ్ ఇంకోదానికి సరిపోదు. గేట్ వాల్వ్ అడిగితే తరచూ ఇత్తడిది చేతిలో పెడతారు. ఇత్తడిలో రాగి ఉంటుంది, రొయ్యలకీ పగడాలకీ అది విషం. ప్లాస్టిక్ గేట్ వాల్వ్ దొరక్కపోతే ప్లాస్టిక్ బాల్ వాల్వే తీసుకోండి, కాకపోతే వెంట్రుకవాసి తిప్పుతూ ఓపిగ్గా సెట్ చేసుకోవాలి.

అతికించిన సొల్యూషన్ ఆరాక, చేపల్ని వదలకముందే, పంపు నడుస్తుండగా మెయిన్ వాల్వ్ పూర్తిగా మూసేయండి. బీన్ అయితే మధ్య పైపుని కూడా గుడ్డతో బిగించండి. పావుగంట పక్కనే నిలబడి చూడండి. ఎమర్జెన్సీ పైపు ఒక్కటే మొత్తం ధారని దించలేకపోతే పంపు చిన్నది చేయండి, లేదా ఆ పైపు పెద్దది చేయండి.