ఎనిమిది వారాల్లో గామ్‌శాట్: ఒక స్వల్పకాలిక ఆన్‌లైన్ కోర్సుపై సమీక్ష

ఏదో ఒక డిగ్రీ పూర్తిచేసి, ఆ తరువాత వైద్యవిద్య వైపు మళ్లాలనుకునేవారిని ఆస్ట్రేలియా, బ్రిటన్, ఐర్లాండ్ దేశాల్లోని పలు విశ్వవిద్యాలయాలు అడిగే ప్రవేశ పరీక్ష గామ్‌శాట్. ఏసీఈఆర్ అనే ఆస్ట్రేలియా విద్యా పరిశోధన సంస్థ దీన్ని ఏటా రెండుసార్లు, మార్చిలోనూ సెప్టెంబరులోనూ, నిర్వహిస్తుంది. పరీక్షకు రెండు నెలలు మాత్రమే మిగిలినవారిని ఉద్దేశించి అనేక శిక్షణ సంస్థలు ఎనిమిది వారాల ఆన్‌లైన్ కోర్సులు అమ్ముతున్నాయి. ఉద్యోగం చేసుకుంటూ పరీక్షకు సిద్ధపడిన నేను అలాంటి ఒక కోర్సులో చేరి, దాన్ని చివరిదాకా పూర్తిచేసి, పరీక్ష రాశాను. ఈ తరహా కోర్సుల అమరిక చాలాచోట్ల ఒకే విధంగా ఉంటుంది కనుక సంస్థ పేరు ప్రస్తావించకుండా, ఫీజు కట్టినవారికి వాస్తవంగా ఏమి అందుతుందో మాత్రమే ఇక్కడ వివరిస్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది. ఈ కోర్సులో అత్యధిక భాగాన్ని ఆక్రమించిన విజ్ఞానశాస్త్ర వీడియో పాఠాలే దానిలో అన్నిటికన్నా తక్కువ ఉపయోగపడే భాగం. ప్రకటనల్లో ఒక్క వాక్యంతో సరిపెట్టిన రెండు అంశాలు, అంటే వారానికొకసారి జరిగే ప్రశ్నల విశ్లేషణ క్లాసు, వ్యాసాలు దిద్దే సేవ, కట్టిన ఫీజుకు న్యాయం చేశాయి.

ఇలా ఎందుకు అంటున్నానో తెలియాలంటే పరీక్ష స్వరూపాన్ని కొంత గమనించాలి. మొదటి విభాగంలో మానవీయ, సామాజిక శాస్త్రాలకు చెందిన పాఠ్యభాగాల ఆధారంగా 100 నిమిషాల్లో 62 ప్రశ్నలకు జవాబివ్వాలి. రెండో విభాగంలో 65 నిమిషాల్లో రెండు వ్యాసాలు రాయాలి. మూడో విభాగంలో జీవశాస్త్రం, రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రాల నుంచి 75 ప్రశ్నలకు 150 నిమిషాలు ఇస్తారు. మొత్తం స్కోరు లెక్కకట్టేటప్పుడు మూడో విభాగానికి మిగిలినవాటికంటే రెట్టింపు భారం ఉంటుంది. అయితే కొన్ని విశ్వవిద్యాలయాలు తమ ఎంపికలో మూడు విభాగాలనూ సమానంగా చూస్తాయి. ఈ రెట్టింపు భారాన్ని చూసే శిక్షణ సంస్థలు తమ బలమంతా విజ్ఞానశాస్త్రం మీదే పెడతాయి. విద్యార్థులు కూడా అదే కోరుకుంటారు, ఎందుకంటే పాఠం చూడటం వల్ల పని జరిగినట్లు అనిపిస్తుంది. కానీ ఆ మూడో విభాగం కూడా కంఠస్థం చేసిన విషయాన్ని అడిగేది కాదు. ప్రతి ప్రశ్నల గుంపుకూ ముందు ఒక పాఠ్యభాగమో, గ్రాఫో, పట్టికో, ఎన్నడూ వినని ఒక సమీకరణమో ఉంటుంది. అక్కడ ఇచ్చిన సమాచారాన్ని అప్పటికప్పుడు అర్థం చేసుకుని తర్కించగలరా అన్నదే పరీక్షకుల ఆసక్తి.

కోర్సులోని వీడియోలు ఈ సంగతిని పట్టించుకోకుండా తయారయ్యాయి. మూడో విభాగంలో జీవశాస్త్రానికి 40 శాతం, రసాయన శాస్త్రానికి 40 శాతం, భౌతిక శాస్త్రానికి 20 శాతం వాటా ఉంటుంది. మొదటి రెండింటిలో విశ్వవిద్యాలయపు మొదటి సంవత్సరం స్థాయి, భౌతిక శాస్త్రంలో పన్నెండో తరగతి స్థాయి పరిజ్ఞానం ఉంటే చాలు. ఈ కోర్సులో మాత్రం కణాలు శక్తిని రాబట్టే రసాయన చర్యల వరుస అయిన క్రెబ్స్ వలయంలోని ఎంజైముల పేర్లను వరుసగా వల్లెవేయించే పాఠాలు, మూత్రపిండంలోని ప్రతి గొట్టపు భాగాన్నీ విడివిడిగా వర్ణించే పాఠాలు గంటలకొద్దీ ఉన్నాయి. అవి తప్పుల్లేకుండా, శ్రద్ధగా చేసినవే. ఒక ఏడాది సమయం ఉన్నవారు వాటిని తీరికగా చూడవచ్చు. ఎనిమిది వారాల వ్యవధి ఉన్నవారికి అవి సమయాన్ని హరించేవిగానే మిగులుతాయి. ఆర్గానిక్ కెమిస్ట్రీ పాఠాలు మాత్రం దీనికి మినహాయింపు. అణువు త్రిమితీయ ఆకారాన్ని అడ్డగీతలు, నిలువు గీతలతో కాగితం మీద చూపే ఫిషర్ చిత్రంలో అతి తక్కువ ప్రాధాన్యం గల సమూహం అడ్డగీత మీద ఉన్నప్పుడు, మిగతా మూడు సమూహాలు ప్రాధాన్య క్రమంలో తిరిగినట్టు కనిపించే దిశను (సవ్యమో అపసవ్యమో) గుర్తించి దానికి వ్యతిరేకమైనదాన్ని జవాబుగా తీసుకోవాలని చెప్పి, అలా ఎందుకు అవుతుందో అణువు నమూనాను చేతిలో తిప్పి చూపించిన పాఠం నాకు ఇప్పటికీ గుర్తుంది. అడ్డగీతల మీదున్న బంధాలు చూసేవారి వైపు పొడుచుకొస్తాయన్న ఒక్క విషయం అర్థమైతే ఆ నియమాన్ని వేరే గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మిగతా పాఠాలు కూడా ఇదే పద్ధతిలో ఉంటే నా అభిప్రాయం మరోలా ఉండేది.

ప్రశ్నల విశ్లేషణ క్లాసు గురించి వివరంగా చెప్పాలి. ఇందులో ట్యూటర్ ఏ పాఠమూ చెప్పరు. ఒక పాఠ్యభాగాన్ని తెర మీద పెట్టి, ప్రశ్నలను దాచి, ముందుగా అందులో ఏ రాశులు ఉన్నాయి, వాటిలో ఏది దేనిమీద ఆధారపడుతుంది అని ఒక్కొక్కరినీ అడుగుతారు. ఒక క్లాసులో సన్నని గొట్టంలో ద్రవ ప్రవాహానికి సంబంధించిన సమీకరణం వచ్చింది. ప్రవాహం గొట్టం రెండు చివరల మధ్య పీడన భేదానికీ వ్యాసార్థపు నాలుగో ఘాతానికీ అనులోమానుపాతంలోనూ, గొట్టం పొడవుకూ ద్రవ స్నిగ్ధతకూ (చిక్కదనానికీ) విలోమానుపాతంలోనూ ఉంటుందని అందులో ఇచ్చారు. వ్యాసార్థం సగానికి తగ్గితే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుందని చాలామంది వెంటనే చెప్పగలిగారు. అప్పుడు ట్యూటర్ మరో ప్రశ్న వేశారు: ప్రవాహం మాత్రం మొదటి స్థాయిలోనే ఉండాలంటే పీడన భేదం ఎన్ని రెట్లు పెరగాలి, గొట్టం పొడవు కూడా రెట్టింపయితే అది ఎంతవుతుంది? మొదటిదానికి 16 రెట్లు, రెండోదానికి 32 రెట్లు అని తేలేసరికి, ఒక్క సంఖ్య కూడా ప్రతిక్షేపించకుండా నిష్పత్తులతోనే నడవవచ్చని అందరికీ స్పష్టమైంది. ధమని గోడలో కొవ్వు పేరుకుంటే గుండెపై పడే భారం అంతగా ఎందుకు పెరుగుతుందో కూడా అదే సమీకరణం చెబుతుంది. అసలు పరీక్షలో ఆ సమీకరణమే రాదు, మరొకటి వస్తుంది. అయినా చదివే తీరు అలవడుతుంది, పరీక్ష గదిలో పనికొచ్చేది ఆ తీరే.

క్లాసులో మరో మంచి పద్ధతి ఉంది. తప్పు జవాబు పెట్టిన విద్యార్థికి సరైన జవాబు చెప్పేసి ముందుకు సాగిపోరు. ఆ తప్పు ఎంపిక ఎందుకు ఆకర్షించిందో ఆ విద్యార్థి చేతనే చెప్పిస్తారు. పాఠ్యభాగంలో లేని విషయాన్ని సొంత పరిజ్ఞానం నుంచి తెచ్చుకోవడం వల్లనా, గ్రాఫ్ అక్షాన్ని సరిగా చదవకపోవడం వల్లనా, లేక ప్రశ్నలోని ‘కాదు’ అన్న మాటను గమనించకపోవడం వల్లనా అని వర్గీకరించి రాసుకోమంటారు. కొన్ని వారాలు గడిచేసరికి ఎవరి తప్పులు ఏ వర్గంలో పడుతున్నాయో వారికే తెలిసిపోతుంది. వీడియోలన్నీ చూసినా దొరకని సమాచారం ఇది.

పరీక్షలో కాలిక్యులేటర్ అనుమతించరు. దీని కోసం కోర్సులో ఒక చిన్న అభ్యాసాల విభాగం ఉంది. హైడ్రోజన్ అయాన్ల గాఢత 3 గుణకారం పది మైనస్ ఐదో ఘాతమైతే, ఆమ్లతను కొలిచే పీహెచ్ ఎంత అన్నది అందులోని ఒక లెక్క. 3 యొక్క సంవర్గమానం (లాగరిథమ్) సుమారు 0.48 అని తెలిస్తే చాలు, 5 నుంచి తీసివేసి 4.52 అని క్షణాల్లో చెప్పవచ్చు. అంత కూడా తెలియకపోయినా, విలువ 4కూ 5కూ మధ్య ఉండాలని గుర్తిస్తే నాలుగు ఎంపికల్లో రెండు మూడు అక్కడికక్కడే తొలగిపోతాయి. ఈ అభ్యాసాలను రోజూ పది నిమిషాలు చేయమని కోర్సు సూచిస్తుంది. ఆ సూచనను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

మొదటి విభాగానికి ఇచ్చిన శిక్షణ పేలవంగా ఉంది. కవితలు, కథాభాగాలు, వ్యంగ్యచిత్రాలు, సామాజిక విశ్లేషణలు వచ్చే ఈ విభాగానికి ‘ప్రధాన పదాల కింద గీత గీయండి’ వంటి సలహాలు ఏమాత్రం సరిపోవు. ఒక కవి స్వరంలో ఉన్నది విచారమా, విచారం ముసుగు వేసుకున్న కోపమా అన్నది తేల్చుకోవాల్సిన ప్రశ్నకు అలాంటి చిట్కా ఎలా పనిచేస్తుంది? సాహిత్యం చదివే అలవాటు ఇదివరకే ఉన్నవారు ఈ భాగాన్ని వదిలేసి, ఆ సమయంలో మంచి వ్యాసాలు చదువుకోవడం మేలు.

వ్యాసాలు దిద్దే సేవ మాత్రం నా అంచనాను మించింది. రెండో విభాగంలో ప్రతి వ్యాసానికీ ఒకే ఇతివృత్తానికి చెందిన కొన్ని ఉల్లేఖనలు ఇస్తారు. మొదటి వ్యాసం ప్రభుత్వం, న్యాయం, సాంకేతికత వంటి సామాజిక విషయాల మీద, రెండోది స్నేహం, వయసు, ఒంటరితనం వంటి వ్యక్తిగత విషయాల మీద ఉంటుంది. రెండింటికీ కలిపి ఇచ్చే 65 నిమిషాల్లోనే ఆలోచన, రచన, సవరణ అన్నీ ముగియాలి. చాలా సంస్థలు దీనికి ముందుగా తయారుచేసిన ఒక చట్రాన్ని ఇచ్చి, అందులో ఉదాహరణలు నింపమంటాయి. ఈ కోర్సులో నా వ్యాసాలు దిద్దిన ట్యూటర్ అలా చేయలేదు. శిక్ష, క్షమ అనే ఇతివృత్తం మీద నేను రాసిన వ్యాసంలో మూడో పేరా పక్కన ఆమె ఇలా రాశారు: ‘ఈ పేరా తీసేసినా మీ వాదన మారదు. మరి ఇది ఇక్కడ ఎందుకుంది?’ ఆ పేరాలో చరిత్ర నుంచి తెచ్చిన ఒక పెద్ద ఉదాహరణ ఉంది. చూడటానికి బరువుగా ఉంది కానీ చెప్పదలచుకున్నదానిని ఒక్క అడుగు కూడా ముందుకు నడపలేదు. శిక్ష బాధితుల కోసమా సమాజం కోసమా అన్న ప్రశ్న మీరు రెండో పేరాలోనే లేవనెత్తారు, దానికి జవాబు చెప్పకుండా వదిలేశారు, మూడో పేరా అక్కడి నుంచే మొదలుకావాలి అని కింద వివరించారు. భాషా దోషాలను ఆమె చివర్లో, రెండే వాక్యాల్లో ప్రస్తావించారు. మూల్యాంకనంలో ఆలోచన నాణ్యతకూ, దాన్ని వ్యక్తం చేసి అమర్చే తీరుకూ విలువ ఉంటుంది కనుక ఈ వరుస సరైనదే. ప్రతి వ్యాసమూ రెండు రోజుల్లో ఇలాంటి వ్యాఖ్యలతో తిరిగి వచ్చేది. కోర్సులో దిద్దే వ్యాసాల సంఖ్యకు పరిమితి ఉండటం, అదనంగా కావాలంటే వేరుగా చెల్లించాల్సి రావడం మాత్రం నిరాశ కలిగించింది. విజ్ఞానశాస్త్ర వీడియోల్లో సగం తగ్గించి, ఆ ఖర్చుతో వ్యాసాల సంఖ్య పెంచితే ఈ కోర్సు విలువ ఎంతో పెరుగుతుంది.

మాక్ టెస్టుల్లో ఉన్న లోపం చిన్నది కాదు. 2020కి ముందు కాగితం మీద జరిగిన పరీక్షలో మూడో విభాగంలో 110 ప్రశ్నలకు 170 నిమిషాలు, మొదటి విభాగంలో 75 ప్రశ్నలకు 100 నిమిషాలు ఉండేవి. ఈ కోర్సులోని మాక్ టెస్టుల్లో కొన్ని ఇప్పటికీ ఆ కొలతలతోనే ఉన్నాయి. పాత లెక్కన విజ్ఞానశాస్త్రంలో ఒక్కో ప్రశ్నకు సుమారు ఒకటిన్నర నిమిషం దొరికితే, ఇప్పుడు రెండు నిమిషాలు దొరుకుతాయి. పాత వేగానికి అలవాటుపడిన విద్యార్థి పాఠ్యభాగాన్ని పైపైన చూసి ప్రశ్నలోకి దూకుతాడు. నేటి పరీక్ష ఇచ్చే అదనపు సమయాన్ని చదవడానికి వాడుకోవడం అతనికి అలవడదు. ప్రశ్నల స్వభావంలో కూడా తేడా ఉంది. ఈ మాక్ టెస్టుల్లో నిర్వచనం గుర్తుంటే తేలిపోయే ప్రశ్నలు ఎక్కువగా ఉన్నాయి. ఏసీఈఆర్ స్వయంగా విక్రయించే నమూనా పరీక్షలతో పోల్చి చూస్తే ఈ వ్యత్యాసం మొదటి పేజీలోనే కనిపిస్తుంది. ఏసీఈఆర్ ఏ ప్రైవేటు శిక్షణ కోర్సునూ ఆమోదించదు, సిఫారసు చేయదు. కాబట్టి ఏ కోర్సులో చేరినా ఆ అధికారిక నమూనాలను వేరుగా కొనుక్కోవడం తప్పనిసరి అని నా దృఢమైన అభిప్రాయం. వాటి సంఖ్య తక్కువ కనుక మొదటి వారంలోనే ఖర్చుచేసుకోకుండా, పూర్తి సమయం పెట్టుకుని రాయడానికి కనీసం ఒకటైనా చివరి రెండు వారాలకు దాచుకోవాలి.

మాక్ టెస్టు ముగిశాక తెర మీద ‘మీ అంచనా గామ్‌శాట్ స్కోరు’ అని కనిపించే సంఖ్యను నమ్మవద్దని కూడా చెప్పాలి. గామ్‌శాట్ స్కోరు సరైన జవాబుల శాతం కాదు. ప్రశ్నల కఠినత్వాన్ని పరిగణించి ఒక ప్రామాణిక కొలమానం మీద లెక్కగట్టినది. ఒక ప్రైవేటు సంస్థ తన సొంత ప్రశ్నల ఆధారంగా ఆ కొలమానాన్ని పునర్నిర్మించలేదు. ఆ సంఖ్య చూసి కుంగిపోయి దరఖాస్తు మానుకోవాలనుకున్నవారిని నేను ఈ కోర్సులోనే చూశాను. ఇది నాకు చాలా బాధ కలిగించిన విషయం; సంస్థ ఆ సంఖ్యను వెంటనే తొలగించాలి.

ఈ కోర్సు ఎవరికి సరిపోతుందన్నది వారి పూర్వ విద్యను బట్టి ఉంటుంది. జీవశాస్త్రం, ఫార్మసీ, బయోమెడికల్ వంటి డిగ్రీలు చదివినవారు వీడియోల్లో తొంభై శాతం వదిలేసి, విశ్లేషణ క్లాసులు, వ్యాసాలు, అధికారిక నమూనాలతో రెండు నెలల్లో తగినంతగా సిద్ధపడగలరు. వాణిజ్యం, న్యాయం, సాహిత్యం చదివి, రసాయన శాస్త్రాన్ని బడిలోనే వదిలేసినవారికి ‘పునాది నుంచి పరీక్ష దాకా ఎనిమిది వారాల్లో’ అన్న ప్రకటన న్యాయమైనది కాదు. మోల్ భావన, ఆమ్ల క్షార సమతుల్యత, ఎలక్ట్రాన్ల కదలికను చూపే వంపు బాణాలు, ఇవి ఒకదాని మీద ఒకటి నిలబడే విషయాలు. మొదటిది బాగా స్థిరపడకుండా మూడోది అర్థం కాదు. అలాంటివారు తరువాతి విడతను లక్ష్యంగా పెట్టుకోవడమే తెలివైన పని. ఆస్ట్రేలియాలో ఈ స్కోరు నాలుగేళ్లపాటు చెల్లుతుంది కనుక సంసిద్ధత లేకుండా తొందరపడి రాయాల్సిన అవసరం కూడా లేదు.

సాంకేతికంగా వెబ్‌సైటు సాఫీగా పనిచేసింది. సందేహాలకు ఒక రోజులోపే సమాధానం వచ్చింది. అయితే పరీక్ష తేదీ దాటిన మరుసటి రోజే ఖాతా మూతపడుతుంది. దిద్దిన వ్యాసాలు, తప్పుల పట్టిక కూడా అప్పటి నుంచి అందుబాటులో ఉండవు. రెండోసారి రాయాలనుకునేవారికి అన్నిటికన్నా అవసరమైనవి అవే. కాబట్టి చేరాలనుకునేవారు ఫీజు కట్టేముందే ఎన్ని వ్యాసాలు దిద్దుతారు, మాక్ టెస్టులు ప్రస్తుత కొలతలతో ఉన్నాయా, ఖాతా ఎప్పటివరకు తెరిచి ఉంటుంది అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. చేరినవారు ట్యూటర్ వ్యాఖ్యలు వచ్చిన వెంటనే వాటిని తమ కంప్యూటర్‌లో భద్రపరచుకోవాలి.