సీఫా ఫైబర్ హ్యాచరీ: ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ తేడా కొడుతుంది

శీలావతి, బొచ్చె, మోసు చెరువులో కిలోలకు కిలోలు పెరుగుతాయి కానీ అక్కడ గుడ్లు పెట్టవు. వాటికి వానాకాలంలో వరద పారే ఏరు కావాలి. 1957లో ఒడిశాలో శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌధురి, అలీకున్హి పిట్యూటరీ గ్రంథి రసం ఇంజెక్షన్‌తో గుడ్లు పెట్టించి దారి చూపారు. ఈ కార్పు జాతి చేపల గుడ్లు పొదిగించే హ్యాచరీ ఏదైనా చేసేది ఒకటే: ఇంజెక్షన్ వేసి, తొట్టిలో ఆ పారుదలను పుట్టించడం. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పెంపకం పరిశోధన సంస్థ సీఫా రూపొందించిన ఫైబర్ హ్యాచరీ సిమెంటు కట్టడం లేకుండానే ఈ పని చేస్తుంది. విప్పి వేరే చోటికి తీసుకుపోవచ్చు కాబట్టి కౌలు చెరువుల రైతుకు బాగా నప్పుతుంది.

సెట్టులో నాలుగు భాగాలు. బ్రీడింగ్ పూల్ 2.15 మీటర్ల వ్యాసం, 0.9 మీటర్ల ఎత్తు. హ్యాచింగ్ పూల్ 1.4 మీటర్ల వ్యాసం, 1400 లీటర్లు. గుడ్లు, స్పాన్ (గుడ్డు నుంచి వచ్చిన చిట్టి పిల్లలు) పట్టుకునే 250 లీటర్ల తొట్టి, పైన 2000 లీటర్ల ట్యాంకు. విడతకు 10–12 కిలోల తల్లి చేపలు, 10–12 లక్షల స్పాన్ అన్నది దీని లెక్క. చేపలు సరిగా పక్వానికి వచ్చి ఉంటేనే ఆ లెక్క నిలుస్తుంది. పొట్ట మెత్తగా లేని ఆడ చేపకు ఎంత మందు ఎక్కించినా దండగే.

సాయంత్రం ఇంజెక్షన్. ఓవాప్రిమ్ లాంటి రెడీమేడ్ మందైతే ఆడ చేపకు కిలోకు 0.3–0.5 మి.లీ. (బొచ్చెకు ఎక్కువ వైపు), మగ చేపకు 0.1–0.2 మి.లీ., రెండింటికీ ఒకే వేళ, ఒక్కసారే వేస్తే చాలు. వీపు రెక్క కింద కండలోకి, పక్క గీతకు తగలకుండా వేయాలి. పైనుంచి షవర్, అడుగున పారుదల ఇస్తే మామూలుగా తెల్లారేలోపు గుడ్లు పడతాయి. జాతులన్నీ ఒకే పూల్‌లో కలిపి వేస్తే సంకర పిల్లలు వస్తాయి. అలాంటి స్పాన్‌ను శీలావతి పేరుతో అమ్మడం కొన్న రైతును ముంచడమే.

ఈ గుడ్డు అంటుకోదు, నీటికంటే కాస్త బరువు. నీరు కదులుతున్నంతసేపే లేచి ఉంటుంది, ఆగితే అడుగున కుప్పపడి ఊపిరాడక చస్తుంది. అందుకే హ్యాచింగ్ పూల్ అడుగున బాతు ముక్కు నాజిళ్లు వాలుగా బిగించారు. నీరు 28–30 డిగ్రీలుంటే 14–18 గంటల్లో పిల్ల వస్తుంది. పొదిగే వేళ పారుదల తగ్గించాలి, పిల్లలు బయటపడ్డాక మళ్లీ కొంచెం పెంచాలి. సొన సంచి కరగడానికి దాదాపు 72 గంటలు పడుతుంది, ఆ తర్వాతే తీయాలి.

అసలు బలహీనత కరెంటు. అది పోతే, సెకనుకు 0.4 లీటరు వదిలే లెక్కన 2000 లీటర్ల ట్యాంకు 83 నిమిషాల్లో ఖాళీ. జనరేటరు గానీ డీజిల్ ఇంజను గానీ లేనివాళ్లు ఈ సెట్టు కొనకపోవడమే మేలు. రెండోది హ్యాచింగ్ పూల్ మధ్య గదికి చుట్టిన బోల్టింగ్ క్లాత్, అంటే సన్న జాలీ గుడ్డ. పిల్లలు పొదిగాక గుడ్డు పెంకులు దానికి అట్టకట్టి నీరు పైనుంచి పొర్లుతుంది, స్పాన్ కూడా దాంతో పోతుంది. ఆ పూట మనిషి పక్కనే ఉండి మెత్తని బ్రష్‌తో క్లాత్ తుడుస్తూ ఉండాల్సిందే. బోరు నీటిని నేరుగా వదలొద్దు: ఆక్సిజన్ తక్కువ, ఇనుము ఉంటే అదీ క్లాత్‌ను మూసేస్తుంది. ముందు గాలి తగిలేలా ధారగా ట్యాంకులో పడనివ్వాలి. చెరువు నీరైతే సన్న జాలీతో వడకట్టాలి, లేదంటే సైక్లాప్స్ అనే చిన్న నీటి పురుగులు పిల్లలను కొరికేస్తాయి. పూల్ కింది దిమ్మె మట్టం తప్పినా గుడ్లు ఒక పక్కకే చేరతాయి. బిగించే రోజే మట్టం చూసుకోండి. పైన షెడ్డు తప్పదు, ఎండకు ఫైబరూ పాడవుతుంది, నీరూ కాగుతుంది.

అన్ని చేపలకూ ఇది కుదరదు. బంగారు తీగ గుడ్లు దేనికో ఒకదానికి అంటుకోవాలి, హైడ్రిల్లా నాచు వేయాలి. కొర్రమీను గుడ్లు పైన తేలతాయి, తల్లిదండ్రులు కాపలా కాస్తాయి, దానికి ఈ పారుదలే పనికిరాదు. నీటిలో ఉండేవన్నీ ఒకే తీరున గుడ్లు పెడతాయనుకుని కొంటే బోల్తాపడతారు.

కైకలూరు నుంచి ఆక్సిజన్ సంచుల్లో స్పాన్ తెప్పించుకునే తెలంగాణ రైతులు నలుగురు కలిసి పెట్టుకుంటే ఇది గిట్టుబాటవుతుంది, కోట్ల సంఖ్యలో స్పాన్ అమ్మేవాళ్లకు చాలదు. కొనేటప్పుడే రెండో హ్యాచింగ్ పూల్ కూడా అడగండి. ఒక్కటే ఉంటే గుడ్లు వేసిన దగ్గర్నుంచి స్పాన్ తీసేదాకా నాలుగు రోజులు బ్రీడింగ్ పూల్ ఖాళీగా పడి ఉంటుంది, సీజన్‌లో అది పెద్ద నష్టం. తల్లి చేపలను కూడా ఏళ్ల తరబడి అవే వాడకుండా బయటి నుంచి మార్చుకుంటూ ఉండాలి. చిన్న హ్యాచరీల స్పాన్ ఎదుగుదల తగ్గడానికి దగ్గరి రక్త సంబంధం ఒక పెద్ద కారణం.