లీనియర్ పవర్ సప్లై పేరుతో అమ్ముతున్న డబ్బాలతో జాగ్రత్త (హనుమకొండ, వరంగల్)

డ్యాక్‌కో (డిజిటల్ పాటను ఆడియో సిగ్నల్‌గా మార్చే పెట్టె), చిన్న యాంప్‌కో (స్పీకర్లను వాయించే యాంప్లిఫయర్) మామూలు అడాప్టర్ బదులు లీనియర్ పవర్ సప్లై (ట్రాన్స్‌ఫార్మర్‌తో, స్విచింగ్ లేకుండా డీసీ ఇచ్చే డబ్బా) పెడితే సౌండ్ మారిపోతుందని విని కొనబోతున్న వరంగల్, హనుమకొండ, కాజీపేట వాళ్లు ఇది చదివాకే డబ్బులు కట్టండి.

ఇక్కడే ఒక షాపులో తీసుకున్నాను. 12 వోల్టులు, 3 ఆంపియర్లు అని స్టిక్కర్. ఆరున్నర వేలు. మంచి బరువు, అల్యూమినియం బాడీ, ముందు నీలం లైటు. డ్యాక్‌కి తగిలించే ముందు మల్టీమీటర్ పెడితే 16.8 వోల్టులు చూపించింది. ఫోన్ చేస్తే షాపాయన, "ఏం కాదన్నా, లోడ్ పడితే అదే దిగుతది" అన్నాడు. దిగుతుంది, కానీ మూడు ఆంపియర్లు లాగితే. నా డ్యాక్ అర ఆంపియర్ కూడా లాగదు. అంత చిన్న లోడుకు ఎక్కడ దిగుతది?

మూత విప్పితే ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, ఒక కెపాసిటర్. అంతే! వోల్టేజీని 12 దగ్గర పట్టి ఉంచే రెగ్యులేటర్ అసలు లేదు. 12 వోల్టుల ఏసీని డయోడ్లతో డీసీ చేసి కెపాసిటర్‌లో నింపితే అది పీక్‌కు, అంటే 17 దాకా పోతుంది. డయోడ్లు తినేది తీసేసినా 15 దాటుతుంది. ఇంతకన్నా ఘోరం, ప్లగ్గుకు మూడు పిన్నులున్నాయి గానీ లోపల ఎర్త్ వైరు బాడీకి కలపనే లేదు, కత్తిరించి వదిలేశారు. రేకు డబ్బా, లోపల 230 వోల్టులు, ఇంట్లో పిల్లలు.

24 వోల్టుల దాకా తట్టుకునే పాత యాంప్‌కి పెట్టి చూశాను. జుయ్యిమని ఒకటే మోత. మన కరెంటు 50 హెర్ట్జ్, డయోడ్లు దాటాక 100 హెర్ట్జ్ రిపుల్ (వోల్టేజీలో ఎగుడుదిగుడు) మిగులుతుంది. అది చెవికి బాగా వినబడుతుంది. మనం తిట్టుకునే మామూలు అడాప్టర్ స్విచింగ్ చేసేది చెవికి అందని పదుల వేల హెర్ట్జ్‌లలో. పైగా డ్యాక్ లోపల దానికి సొంత రెగ్యులేటర్లు ఉంటాయి.

షాపులో డెమో మాత్రం గట్టిగా ఉంటుంది, నమ్మకండి. ఒక ఆంపియర్ అడాప్టర్‌తో యాంప్‌ని ఫుల్ వాల్యూమ్‌లో వాయించి, సౌండ్ పగిలాక ఈ డబ్బా తగిలిస్తారు. తేడా నిజమే, కానీ అది పవర్ చాలకపోవడం వల్ల వచ్చిన తేడా. యాంప్ విషయంలో వోల్టేజీ లెక్కే వేరు. 8 ఓమ్‌ల స్పీకర్‌కి 12 వోల్టుల మీద మామూలు క్లాస్-డి యాంప్ (ఇప్పటి చిన్న యాంప్‌లలో ఎక్కువగా ఉండే రకం) 9 వాట్ల దగ్గర ఆగిపోతుంది, 24 మీద లెక్క ప్రకారం 36 దాకా పోతుంది. యాంప్ మీద 24 అని రాసి ఉంటే, బీఐఎస్ గుర్తున్న మంచి 24 వోల్టుల అడాప్టర్ చాలు.

స్పీకర్లలో హమ్ పోవాలని కొనేవాళ్లు ముందు సెట్‌టాప్ బాక్స్ నుంచి కేబుల్ వైరు పీకి వినండి. హమ్ ఆగితే అది గ్రౌండ్ లూప్, అంటే కేబుల్ వైరు వల్ల ఎర్త్ రెండు దారుల్లో కలిసి వచ్చే మోత. ఖరీదైన సప్లై కొన్నంత మాత్రాన అది పోదు.

వాపసు అడిగితే, "ఏం కాలిపోలే కదన్నా, ఎట్ల తీసుకుంటం?" అన్నారు. బిల్లు అని ఇచ్చింది జీఎస్టీ నంబర్ లేని చీటీ. ఆ చీటీ, మీటర్ రీడింగ్, లోపలి ఫోటోలు పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తున్నాను. ఇలాంటి డబ్బా ఇప్పటికే ఎవరి దగ్గరైనా ఉంటే, దేనికీ తగిలించకముందు వోల్టేజీ చూసుకోండి. ప్లగ్గు పీకేసి ఉన్నప్పుడే ఎర్త్ పిన్నుకూ బాడీకీ మధ్య కంటిన్యూటీ (వైరు కలిసి ఉందా లేదా) కూడా చూడండి. మీటర్ లేకపోతే దగ్గర్లోని టీవీ మెకానిక్‌ని అడిగితే చూసి చెప్తాడు.